రబ్బరు చుక్కలు

నక్కలగుట్టల రెండో అంతస్తు.
గుమ్మం కాడ చెప్పులిడిసి నిలవడ్డ.
"ఉత్త కాళ్ళన్న ఉండాలె, గిసొంటివన్న తొడగాలె,
మామూలు సాక్సులైతే జారుతరు మేడం"
అనుకుంట నౌషీన్ అరికాలు తిప్పి సూపెట్టింది:
సర్వపిండి మీద నువ్వుల లెక్క
రబ్బరు చుక్కలు.
జత నాలుగువందల యాభై.

నా సంచిల డ్యూటీ సాక్సులున్నయి, ఖాకీవి.
తొడిగితే బొటనేలు కాడ బొక్క,
ఇప్పితే మడిమెల పగుళ్ళు.
శానాసేపు ఏదీ తేలలే.

ఇరవై రెండేండ్లు పరకాల బస్సుల
టికెట్లు కొట్టిన కాళ్ళివి.
గూడెప్పాడు మలుపుల కొమురెల్లి బ్రేకు తొక్కితే
రాడ్డు పట్టకుంట, చిల్లర ఒలకకుంట
ఏళ్ళతోనే నేలను కరుసుకున్నయి.
ఆ బాకీ ఇప్పుడు నడుము కడుతున్నది.

ఉత్త కాళ్ళతోనే చాప ఎక్కిన.
ఒంటికాలు మీద నిలవెట్టి, ఒంగి సూసి,
"ఇదివరకు యాడ నేర్సుకున్నరు?" అన్నది నౌషీన్.
"రైట్ రైట్" అని నోటిదాక వచ్చింది,
ఊపిరి ఇడిసిన.

పోయేటప్పుడు మాత్రం ఒక జత కొన్న.
చలికాలం, గచ్చు జివ్వుమంటది గద.
"ఏ రంగియ్యమంటరు?"
ఖాకీ గాకుంట
ఏదైనా సరే అన్న.