సొన

మొదట ఏకాంబరం మేస్త్రి అనె,
బెంగళూరా కాయ సొన పడింటాదిలే,
కొబ్బెర నూనె పూసుకో అని.
గుజ్జు ఫ్యాక్టరీలో ఎవురికి లేదు నవ?
తొడిమ కాడ చిమ్మే సొన
బుగ్గన పడితే మచ్చ, చేతిన పడితే పొక్కు.
నాకు మచ్చా లేదు, పొక్కూ లేదు.

చెంబుడు నీళ్ళు పోసుకుంటే చాలు,
తడి ఆరే లోపల
తోలు కింద గండుచీమల పుట్ట తెగినట్టు.
చూపిద్దామంటే ఏముండాది,
నా గోళ్ళ గీతలు తప్ప.

సీజన్ అయిపాయ. డ్రమ్ములు లారీలెక్కి పాయ.
నవ మాత్రం పనిలోంచి దిగలా.
చిత్తూరు మందులంగట్లో తెల్ల మాత్ర, పచ్చ మాత్ర, ఒక ట్యూబు.
తానం మానేస్తి.
పక్కన కూచునేటోళ్ళు రోంత జరిగి కూచుండిరి.
మొగం ఎర్రబడె.
వళ్ళెమ్మకి ఈ మధ్య కళొచ్చింది, అనిరి.

తిరపతి పెద్దాసుపత్రిలో
చిన్న డాక్టరమ్మ నా తోలు ఎక్కువసేపు చూడలా.
అరచెయ్యి చూసె, కన్ను రెప్ప దించి చూసె,
"నీళ్ళు పోసుకున్నాకేనా?" అనె.
ఆ ఒక్క మాట రెండేండ్లుగా ఎవురూ అడగలా.
ఏడుపొచ్చె.

పరీక్షలన్నీ అయినాక చెప్పిరి,
రక్తం జాస్తి అంట నాకు.
నాకు!
నెల తప్పిన ప్రతిసారీ రక్తం కమ్మి అని
అంగన్వాడీలో ఇనుము మాత్రలు మింగినదాన్ని,
అప్పు చేసి దానిమ్మకాయ తిన్నదాన్ని.
ఎముకల మూలగలో లెక్క తప్పిందంట.
ఎర్ర కణాలు అడిగేవాడు లేక పుడతా ఉండాయంట.
"క్యాన్సరేనమ్మా, కానీ నిదానంగా నడిచేది."
నిదానంగా నడిచేదాని గురించి
నాకు చెప్పల్నా?
కాట్పాడి ప్యాసింజర్లో వచ్చినదాన్ని.

సూది గుచ్చి సంచి కిందకి వేలాడదీసిరి.
చిక్కంగా, నల్లంగా, దిగను మనసు లేనట్టు దిగె.
తోటలో కాయ కోసినాక
తొడిమ విరిచి బోర్లిస్తామే సొన వాడేదానికి,
అట్ల ఉంటి మంచం మీద.
పక్క మంచంలో ఒక ఆడబిడ్డ,
తెల్ల కాగితం మాదిరి.
"ఈ సంచి ఆ పాపకియ్యండి" అంటి.
నర్సు తల అడ్డంగా ఊపి,
మూతి ముడేసి, తూకమేసి, బుట్టలో పారేసె.
తూకం మాత్రం చూస్తి:
అర కిలో.
మండీలో అయితే తరుగు కింద కొట్టేసేవాళ్ళు.

రాత్రి ఇంటికొచ్చి గోరెచ్చటి నీళ్ళు
ఒక చెంబు పోసుకుంటి.
తుడుచుకోకుండా నిలబడి చూస్తి.
వచ్చె చీమలు.
వరస తప్పి,
రోంత ఆలస్యంగా.