బోర్లించి చూడు

మూడు లాంతర్ల దగ్గర, వాచీ రిపేరు పక్కన
మనిషి అడ్డంగా తిరిగితే తప్ప పట్టని నా కొట్టులోకి
ఎవరు కప్పు తెచ్చినా ముందు పువ్వు చూపిస్తారు,
బంగారు అంచు చూపిస్తారు,
అందులో తాగిన తాతగారి హోదా చూపిస్తారు.
నేను బోర్లిస్తాను.

పింగాణీకి మొహం అబద్ధమాడుతుంది. మడమకి అంత తెలివి లేదు.

ముద్ర మీద గోరు పెట్టి మెల్లిగా లాగు.
తగిలిందా, మెరుగు ఆరాక పైన అంటించింది.
జారిపోయిందా, మంటలోంచి నడిచొచ్చింది.
కిరీటం కింద దేశం పేరుంటే ఒక కాలం,
లేకుంటే బహుశా అంతకు ముందు.
మూడు చుక్కల మచ్చ కనిపిస్తే సంతకమని మురిసిపోకు,
బట్టీలో కప్పు నిలబడ్డ ముళ్ళవి.
టీ డికాషన్లో నాని ముసలితనం తెచ్చుకున్నవీ వస్తాయి.
వాటిని చూడను, వాసన చూస్తాను.

లంగరు, సింహం, జోడు కత్తులు,
అన్నీ నా ఖాతా పుస్తకంలో పెన్సిలు బొమ్మలు.
నలభై ఏళ్ళ అడుగులు.

పోయిన మాఘంలో గరివిడి నుంచి లెంక సిమ్మన్న
గోనెసంచిలో చుట్టి ఓ చిన్న నల్లకుండ తెచ్చాడు.
"పింగాణీ కాదు. కొంటావా?"
అలవాటుగా బోర్లించాను.
దొర్లిపోయింది.
గుండ్రటి అడుగు, నిండా సలప దెబ్బలు.
వేలు లోపల పెడితే మాత్రం, పెదవి కింద
ఓ పక్కకి వాలిన మూడు గోటిగాట్లు,
వాటి కింద ధాన్యం గింజ నొక్కిన గుంట.
పుస్తకం రెండుసార్లు తిరగేశాను. లేదు.

రాజాం అవతల దిగి, అడుగుతూ అడుగుతూ వెళ్ళాను.
అసిరమ్మ సలప ఆపకుండానే మాట్లాడింది.
"ముద్రేటి బాబూ! ఆవం ఒకటే, ఇళ్ళు అయిదు.
కాలి బయటికొచ్చినాక ఎవుల కుండ ఎవులదో తెలాల గదా.
పగిలిందీ ఎవులదో తెలాల."

కొనేవాడి కోసం కాదన్నమాట.
ఇన్ని కిరీటాలు చదివాను,
ఒక్కటీ నాకీ మాట చెప్పలేదు.

గాట్ల మీద తన గోరు ఆనించింది. కుదరలేదు.
"నాది కాదిది. మా అత్తది.
గుర్తొకటే, నాది కుడిసెయ్యి, ఇటు వొంగుతాది.
ఆయమ్మది ఎడంసెయ్యి."
మరి ధాన్యం గింజ?
"అదేటో. ఆయమ్మకే తెలాల."

ఆమె పేరడిగాను.
సలప ఆగింది.
"నాను అత్తా అనేదాన్ని. మావ ఒసే అనేవోడు.
ఊరోళ్ళు ఎర్రయ్య తల్లి అనేవోరు.
రేషను కార్డులో ఉండేది.
కార్డు వానకి నానిపోనాది."
మళ్ళీ మొదలైంది చప్పుడు. రెండు దెబ్బలకే ఆగి
"నీళ్ళోసి సూసినావా?" అంది.

చూడలేదు. నా కొట్టులో దేంట్లోనూ
నీళ్ళు పోసి చూడలేదెప్పుడూ.
బోర్లించినదాంట్లో ఏం నిలుస్తుంది.

కడవ వంచి నింపింది. నీడలో పెట్టింది.
ఇద్దరం కుండని చూస్తూ కూర్చున్నాం,
కోడి ఒకటి వచ్చి చూసి వెళ్ళింది.
"ఒట్టి సెమ్మే. కారట్లేదు. పారబొయ్యకు, దారంతా ఎండ."

బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను.
చీపురుపల్లి దాటాక తాగాను.
నా మోకాళ్ళ మీద తడి గుండ్రం,
గరివిడి వచ్చేసరికి ఆరిపోయింది.

ఆ రాత్రి పుస్తకం తీసి, చేసినవారి పేరన్న గడిలో
పెన్సిలు ఎడంచేత్తో పట్టుకుని మూడు గీతలు గీశాను.
వంకరగా వచ్చాయి, కానీ అటే వాలాయి.
గింజ బొమ్మ వేసి పక్కన ఏమీ రాయలేదు.

ధర గడి ఖాళీ.
ఎంతిస్తావని సిమ్మన్న రోజూ వస్తాడు,
గ్లాసు ముంచుకుని అందులోవే తాగి
రేపొస్తానంటాడు.