తరుగు

లియెపాయలో జనవరి. నాలుగింటికే చీకటి.
నిన్నటి నుంచీ కంప్యూటరు పాటలు నమిలి
చిన్నచిన్న ముద్దలు చేస్తోంది.
రెండు వందల గిగాబైట్లు
ముప్పై రెండింటిలో సర్దాలి.

మనవరాలు ఎల్విత శుక్రవారం ఓడెక్కుతుంది,
ఇంజన్ గదిలో కొత్త ఉద్యోగం.
నడిసముద్రంలో నెట్ ఉండదు తాతా అంటూ
అగ్గిపెట్టెంత ప్లేయరు చేతిలో పెట్టింది.

ఏం తీసేస్తుందో చదివాను.
పెద్ద చప్పుడు వెనక నక్కిన చిన్న చప్పుడు,
పైపైన సన్నగా సాగే రొద,
ఎలాగూ వినపడదు కదా అని తూర్పారబడుతుందట.
ఎలాగూ అంటే?
ఎవరి చెవికి?

నలభై ఒక్క ఏళ్లు పియానోలు శ్రుతి చేశాను.
రెండు తీగల మధ్య వెంట్రుకవాసి తేడా
నా పళ్లల్లో జివ్వుమనేది.
మొన్న రెండు ఫైళ్లూ మార్చి మార్చి వినిపించి
ఏది అసలో చెప్పమంది పిల్ల.
పదహారింట తొమ్మిది చెప్పాను,
బొమ్మా బొరుసూ వేసినా అన్ని వచ్చేవి.
తను పదిహేను చెప్పింది.
ఏమీ అనలేదు. లేచి టీ పెట్టింది.

మా వీధిలో అంబరు సానపట్టే ముసలామె
రాలిన పొడిని డబ్బాలో దాస్తుంది.
చిటికెడు నిప్పుల మీద వేస్తే
గదంతా పైన్ అడవి.
అది గుర్తొచ్చి, రాత్రి ఒక్కణ్నే ఉన్నప్పుడు
తాలివాల్దిస్ సెల్లో తీశాను.
నేనే రికార్డు చేసింది,
వాడి కుర్చీ కిర్రుమనడంతో సహా.
అసల్లోంచి నకలును తీసేసి
మిగిలిందాన్ని మోగించాను.

తెర మీద పచ్చగీతలు ఎగిరెగిరి పడ్డాయి.
నాకు మాత్రం
దూరంగా ఎవరో ఇసుక జల్లిస్తున్నట్టు, అంతే.
వాల్యూము పెంచాను. ఇంకా పెంచాను.

పొయ్యి దగ్గర పడుకున్న పిపర్స్ తలెత్తింది.
గోళ్లు టకటకలాడిస్తూ వచ్చి
స్పీకరు ముందు కూర్చుంది,
చెవులు రిక్కించి, మెడ ఓ పక్కకు వాల్చి.
ఆరు నిమిషాలు
కుక్క కదల్లేదు.
నేను దాని చెవుల్నే చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం రేవులో ప్లేయరు ఇచ్చాను.
అన్నీ పట్టాయా అంది.
తాలివాల్దిస్ పాట ఒక్కటి కుదించలేదమ్మా,
దాని కోసం నాలుగు పోల్కాలు దింపేశాను.

నవ్వింది. మెడలో వేలాడుతున్న
పసుపుపచ్చ చెవి డొప్పలు చూపించింది.
ఆ ఇంజన్ హోరులో ఏదైనా ఒకటే తాతా.

తెలుసన్నాను.
గాలి గట్టిగా వీస్తోంది,
నా మాట తనదాకా వెళ్లిందో లేదో.