దులద

కెటిల్ అడుగున తెల్లగా సున్నం పెచ్చు.
ఈ ఇప్స్విచ్ కొళాయి నీళ్లేనా, తరళా,
నీ మోచేతి మడతల్లో ఎర్రగా రాజుకున్నది?

రాత్రి గోకుడు చప్పుడు,
ఎండుటాకుల మీద ఎలుక నడిచినట్టు.
లేచి నీ చేతులకు నా సాక్సులు తొడుగుతాను.
హీటరు కట్టేస్తాను. ఉన్ని దుప్పటి లాగేస్తాను.
సున్నిపిండి డబ్బా ఎప్పుడో అటకెక్కింది.

మందు వేలికొస పొడవంత చాలంది నర్సు మొరీన్,
జిడ్డు క్రీముకి మాత్రం పిసినారితనం వద్దంది.
రుద్దకు, నిమురు. నూగు వాలిన వైపే.
పోతుందా? అంటే
"పోతుంది, వస్తుంది" అంది
చుట్టం సంగతి చెప్పినట్టు.

మూడింటికి పాలు వెచ్చబెడుతుంటే
బల్లెక్కి కూచున్నావు.
చల్లారిన కెటిల్‌లోకి తొంగి చూసి
"నాన్నా, దీనికీ దులదా?"

పళ్లతో సాక్సు లాగేసి
వేలు చాచావు, క్రీము పెట్టమని.