కూడిక గుర్తు

నీలి దారం వలలు ముప్పై, పచ్చ దారంవి ముప్పై.
ఏ రకం ఎక్కువ కాలం బతుకుతుందో తేల్చమని
విశాఖ ఫిషింగ్ హార్బరులో, మూడో జెట్టీ మీద
నన్ను కూర్చోబెట్టారు.

వల చావంటే ఏమిటి?
మైలపల్లి దానమ్మ చెప్పింది:
"కుట్టడానికి పట్టే పొద్దు
ఏటకి పట్టే పొద్దు కన్నా ఎక్కువైతే
అది సచ్చినట్టే."
అలాగే రాసుకున్నాను.

వేట నిషేధం అరవై ఒక్క రోజులూ
షెడ్డులో పడుకున్నాయి కదా, అవీ ఆయుష్షేనా?
"నిద్దరోతే వయసు ఆగుద్దేటి?
ఎలకలకి నిసేదం నేదు."

చచ్చినవాటికి తేదీ ఉంది.
పద్నాలుగో నంబరు, పచ్చది,
బోటుతో సహా కాకినాడకి అమ్ముడైంది.
ఇరవై రెండు, నీలిది,
నా గడువు తీరేనాటికి ఇంకా తడిగానే ఉంది.
ఏడో నంబరు సంగతి ఎవరూ చెప్పరు.
ఆ బోటు సరంగు ఎర్రయ్య పేరెత్తితే
ఐసు మిల్లు దగ్గర మాటలాగిపోతాయి.
మూడింటికీ ఒకటే గుర్తు, అంకె పక్కన చిన్న కూడిక:
ఇక్కడిదాకా ఉంది, ఆపైన నాకు తెలీదు.

ఆయుష్షుకి ముందే ఒక వంపు ఊహించొద్దని మా పద్ధతి.
వల పోయిన ప్రతి రోజూ ఆగి లెక్కపెట్టాలి,
ఈ పొద్దుటికి నీలివెన్ని మిగిలాయి, పచ్చవెన్ని.
రంగుదేమీ లేకపోతే
ఈ చావులో ఎవరి వాటా ఎంత?
రావలసిందానికీ వచ్చినదానికీ మధ్య
ఖాళీని కూడుకుంటూ పోవాలి.

కూడాను.
మొదట్లో నీలివి ఎక్కువ పోయాయి, చివర్లో పచ్చవి.
రెండు ఖాళీలూ ఒకదాన్నొకటి తినేశాయి.
తేడా ఉందనడానికి ఆధారం లేదు, అని తేలింది.

గ్రాఫు కాగితం దానమ్మ ముందు పరిచాను.
దిగిపోతున్న రెండు మెట్ల వరసలు,
ఒకచోట దాటుకున్నాయి.
చేప పొలుసు అంటిన వేలు సరిగ్గా అక్కడే పెట్టింది.
"నీలిది పోతే పసితనంలోనే పోద్ది.
తొలి వానలు దాటిందా, మరి దానికి సావు నేదు.
పచ్చది ఒక్కపాలే ముసల్దయిపోద్ది.
తేడా నేదని ఎవులన్నారు?"

అంకెలు చూశాక పరీక్ష మార్చకూడదు.
ఆ మాట ఆమెకి ఎలా చెప్పాలో తెలీక
పట్టిక మడుస్తున్నాను.
ఏడో వరస దగ్గర చెయ్యి అడ్డుపెట్టింది.
"ఇదేటి, ఎర్రయ్య దానికి సిలవేసినావు?"
"సిలువ కాదు. ఇంకా ఉండొచ్చని."

చాలాసేపు సముద్రం వైపు చూసింది.
"అయితే ఉంచు" అంది.