నలభై ఒకటో రీలు

మంగళవారం, గురువారం వస్తాడు థర్లో హాస్క్యూ.
గొడుగు గుమ్మం బయట ఆరబెట్టి,
కళ్లద్దాలు చొక్కా కొసతో తుడుచుకుని
"నలభై ఒకటో రీలు, వెర్లీన్ గారూ" అంటాడు
మందుల షాపులో పాత చీటీ చూపించినట్టు.

జాక్సన్‌లో ఈ గదికి కిటికీల్లేవు.
యంత్రంలో దీపమే మాకు ఎండ.
డెబ్బై మూడేళ్ల మనిషి ఆ వెలుగులోకి వంగి
ముత్తాత నడిచిన దారి వెతుకుతుంటాడు.

ఆ పటాలానికి నెంబరు రెండుసార్లు మారింది.
మనుషులు తరిగిపోతే మరో పటాలంతో కలిపి కుట్టారు,
చిరిగిన రెండు దుప్పట్లని ఒకటి చేసినట్టు.
ఒక్క హాస్క్యూ మూడు స్పెల్లింగుల్లో బతికాడు.
ఈ సంగతి మొదటివారమే చెప్పాను.
ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నాను, వచ్చినవాళ్లందరికీ.

ఇంకోటి చెబితే మాత్రం నొచ్చుకున్నాడు:
ఈ కార్డులు రాసింది వాషింగ్టన్ గుమస్తాలు.
యుద్ధమైన నలభై ఏళ్లకి
గెలిచినవాళ్ల జీతం తీసుకుని, గెలిచినవాళ్ల సిరాతో
ఓడినవాళ్ల హాజరుపట్టీ ఎత్తిరాశారు.

హాజరు. హాజరు. గైర్హాజరు, జబ్బు.
హాజరు. జీతం ముట్టలేదు.
గైర్హాజరు, సెలవు లేకుండా.

అక్కడ పెన్సిలు ఆగింది.
ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న రొట్టె విప్పలేదు.
తరవాతి కార్డులో మళ్లీ హాజరు.
"మొక్కజొన్న కోతకి వెళ్లుంటాడు" అన్నాడు, నన్నడిగినట్టు.
అయ్యుండొచ్చన్నాను. కార్డు కారణం రాయదు.

వాళ్లింట్లో గోడకి అబ్సలమ్ హాస్క్యూ కత్తి వేలాడుతుందట.
మామూలు సిపాయికి కత్తి ఎక్కడిదని నేనడగలేదు.

ఇక నా సంగతి.
అక్షరక్రమం పుణ్యమా అని
హాస్క్యూ దాటిన పదకొండు ఫ్రేములకి
కెప్టెన్ హాజ్లిప్ సంతకం పెట్టిన రసీదులొస్తాయి.
యాభై ఎనిమిది మందికి ముప్పై ఒక్క జతల బూట్లు.
ఇనప బానలు రెండు, ఒకటి పగిలింది.
వంటవాడొకడు, పేరు ఐసమ్, నెలకి పదిహేను డాలర్లు.
సొమ్ము ముట్టింది: యజమానికి.

మా అమ్మమ్మ ఆయన్ని ఐసమ్ తాత అనేది.
బాన మోసిన చెయ్యి
చివరిదాకా తిన్నగా చాపలేకపోయాడట.
హాజరు లేదు ఆయనకి, గైర్హాజరూ లేదు.

థర్లో ఆ రసీదులు గబగబా తిప్పేసేవాడు,
లెక్కలు తనకి పడవని.
నేనేమీ అనేదాన్ని కాదు.
అడిగిన రీలు తెచ్చివ్వడం నా ఉద్యోగం.

ఈ గురువారం బయట ఒకటే వాన. గదిలో మేమిద్దరమే.
బూట్ల దగ్గర ఆగాడు,
అబ్సలమ్‌కి ఒక జతైనా దొరికిందా అని.
చేతిరాత కుదరకపోతే పైకి చదవడం ఆయన అలవాటు:
"ముప్పై ఒకటి... బానలు రెండు...
వంటవాడొకడు, పేరు... ఈసా? ఏసావా?"

"ఐసమ్" అన్నాను నా బల్ల దగ్గర్నించే,
తెర వైపు చూడకుండా.

యంత్రంలో ఫ్యాను తిరుగుతోంది.
కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.
"గుండ్రాలు చూసి పోల్చారా?"
"లేదు. మా ఇంట్లో పిలిచే పేరది."

కళ్లద్దాలు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.
నోటుబుక్కులో అబ్సలమ్ కింద ఒక గీత వదిలి
ఒక్కో అక్షరం నన్నడిగి రాసుకున్నాడు:
ఐ, ఎస్, ఓ, ఎమ్.
ఇంటిపేరు అడిగాడు.
యుద్ధమయ్యాకే పెట్టుకున్నాడని చెప్పాను. ఏమిటో చెప్పలేదు.

నాలుగున్నరకి గది మూయాలి.
రీలు వెనక్కి చుట్టాను.
వేగంగా చుడితే అందరూ ఒకటే బూడిదరంగు చార,
కెప్టెనూ, బానలూ, జబ్బూ, సెలవూ.

"మంగళవారం వస్తారా?"

"రావాలి" అన్నాడు, తడి గొడుగు దులుపుతూ.
"బూట్ల లెక్క ఇంకా తేలలేదు."