రెండు పాయింట్లు

ఎగ్మూరు హోటల్లో ఆదివారం ఉదయం
మెడలో నా పేరు వేలాడుతోంది, ఒక అక్షరం తప్పుతో.
అయిదేళ్లకు ముప్పై పాయింట్లు కావాలి.
ఇవాళ్టికి రెండు, భోజనం కూపనుతో సహా.

వేదిక మీద ఇళంపరిది,
నా దగ్గరే నాడి పట్టడం నేర్చినవాడు,
తెర మీది ఎర్ర చుక్కను ఒక మందు పేరు చుట్టూ తిప్పాడు.
"పసిపిల్లలకు ఇది ఇక వద్దు."
నీళ్లు తాగి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

నేను వెళ్లలేకపోయాను.
పంతొమ్మిదేళ్లు రాశానా పేరు,
చూడకుండానే, ఒకే గీతలో.
కాశిమేడు నుంచి వలల వాసనతో వచ్చిన తల్లులు
ఆ చీటీ రవికెలో దోపుకుని పోయేవారు.
ఎవరికీ ఏమీ కాలేదనే అనుకుంటాను.
తిరిగి రానివాళ్లంతా బాగుపడ్డట్టే కదా మా లెక్క.

సాంబారన్నం చల్లారింది.
పక్క కుర్చీలో డాక్టర్ వరదకుట్టి గురక.
సంతకం పెట్టి సర్టిఫికెట్టు తీసుకున్నాను.

సోమవారం, పెరంబూరు, మొదటి టోకెను:
ఏడు నెలల పాప, దగ్గు.
కలం అలవాటుగా మొదటి అక్షరం గీసేసింది.
కొట్టేశాను.
"ఏం డాక్టరమ్మా, మరిచిపోయారా?"

అవునమ్మా,
మరిచిపోవడానికే
నిన్న పగలంతా కూర్చున్నాను.